‘దీనికి బ్లాక్‌చెయిన్ ఎందుకమ్మా?’ అని ఎప్పుడు అడగాలి

మొన్నొక వాట్సాప్ గ్రూపులో మెసేజ్ చూశాను. హ్యాకథాన్లకి, అంటే ఒకటి రెండు రోజుల్లో కోడ్ రాసి ఏదో ఒకటి తయారుచేసే పోటీలకి, మెంటార్లుగా (టీములకి సలహాలిచ్చేవాళ్ళుగా) వెళ్ళేవాళ్ళ గ్రూపు అది. బ్లాక్‌చెయిన్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో: ఏ ఒక్కరి చేతిలోనూ కాకుండా చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే పద్దు పుస్తకం, ఒకసారి రాసింది మార్చడం దాదాపు కుదరదు. కొందరు మెంటార్లు వచ్చీరాగానే ‘దీనికి బ్లాక్‌చెయిన్ ఎందుకు’ అని మొదలుపెడతారు, పిల్లల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడానికే వస్తారు, ఇలాంటివాళ్ళని పిలవకపోవడమే మేలు అని ఎవరో రాస్తే కింద వరసగా బొటనవేళ్ళు. పేరు పెట్టలేదు గానీ ఆ ‘కొందరి’లో నేనున్నానని నాకు తెలుసు, రాసినాయనకీ తెలుసు. అక్కడే జవాబు టైపు చేయడం మొదలుపెట్టి, మూడుసార్లు చెరిపేసి, చివరికి నేనూ ఒక బొటనవేలు పెట్టి ఊరుకున్నాను. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మిగతా సగం గురించి ఇది రాస్తున్నాను.

మాది ఒడిశాలో బరంపురం. నేతగాళ్ళ కుటుంబం, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఉద్యోగం హైదరాబాద్‌లో. కాంట్రాక్టులు, అంటే చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములు, సాలిడిటీ అనే భాషలో రాయడం, ఎదుటివాళ్ళు రాసినవాటిలో తప్పులు పట్టుకోవడం నా పని. మా ఊళ్ళోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పై ఆరు గంటల బ్లాక్‌చెయిన్ హ్యాకథాన్ పెడుతున్నాం, మెంటార్‌గా వస్తారా అని ఫోన్ వస్తే మారుమాట లేకుండా ఒప్పుకున్నాను. డబ్బులేం ఇవ్వరు. ఒక టీషర్టు, భోజనం కూపన్లు, అంతే. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చేశాను. అమ్మ మాత్రం ‘ఊరికే చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చావా’ అని రెండుసార్లు అడిగింది.

ముప్పైకి దగ్గర్లో టీములు. బరంపురం పిల్లలు, పర్లాకిమిడి వాళ్ళు, రాయగడ, జయపురం నుంచి బస్సుల్లో వచ్చినవాళ్ళు. సగానికి సగం ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే, కానీ చదవడం రాదు. ఒకమ్మాయి నోట్సు చూస్తే తెలుగు మాటలన్నీ ఒడియా లిపిలో ఉన్నాయి. ప్రైవేట్ కీ (చెయిన్ మీద మన ఖాతాని తెరిచే రహస్య సంఖ్య) అంటే ఏమిటో చెప్పడానికి ‘తాళంచెవి’ అంటే ముఖం తెల్లగా పెట్టిన కుర్రాడు ‘చాబి’ అనగానే ‘ఓ, చాబీనా సార్’ అన్నాడు. మొదటి రెండు గంటలు అందరూ నాతో ఇంగ్లీషులోనే మాట్లాడారు, అదీ పరీక్ష రాస్తున్నట్టు. టీ తాగేటప్పుడు నేను ఎవరితోనో మా బరంపురం తెలుగు మాట్లాడితే విని, అప్పట్నుంచి ‘ఎక్స్‌క్యూజ్ మీ సార్’ పోయి ‘సార్, ఇలారండి ఓసారి’ వచ్చింది. ఆ తేడా చిన్నది కాదు. ఇంగ్లీషులో అడిగినంతసేపూ వాళ్ళు తెలిసినవే అడిగారు. తెలుగులోకి వచ్చాకే తెలియనివి అడగడం మొదలుపెట్టారు.

పనిలో సగం ఇదీ

బయటివాళ్ళు మెంటార్ అంటే ఏదో జ్ఞానబోధ అనుకుంటారు. నేను ఆ రోజు చేసినవి చెప్తాను. మెటామాస్క్ అనే వాలెట్‌లో (చెయిన్ మీది డబ్బు, కీలు చూసుకునే యాప్) నెట్‌వర్క్ తప్పు పెట్టుకుని ‘బ్యాలెన్స్ సున్నా చూపిస్తోంది’ అని కంగారు పడుతున్నవాళ్ళకి సెపోలియా అనే పరీక్ష నెట్‌వర్క్‌కి మార్చి చూపించాను, ఎంతమందికో లెక్కలేదు. ఈథర్ అంటే ఈథీరియం అనే చెయిన్ మీద నడిచే డబ్బు. పరీక్షలకి వాడే ఉత్తుత్తి ఈథర్ ఉచితంగా ఇచ్చే ఫాసెట్లనే సైట్ల దగ్గరికి పంపిస్తే, కొన్ని ఫాసెట్లు ముందు నీ దగ్గర అసలు ఈథర్ కొంచెం ఉందా లేదా అని చూస్తాయి, రెండో ఏడాది బీటెక్ పిల్లల దగ్గర అదెక్కడ ఉంటుంది? నా వాలెట్‌లో ఉన్నదే తలా కాస్త పంచాను, గుళ్ళో ప్రసాదంలాగా. మధ్యాహ్నానికి వైఫై పడిపోయింది. హార్డ్‌హ్యాట్ అనే సాధనంతో మన కంప్యూటర్‌లోనే ఒక చెయిన్ నడిపించుకోవచ్చు, పది వేల ఉత్తుత్తి ఈథర్ ఉన్న ఖాతాలు ఇరవై అదే ఇస్తుంది, నెట్టు అక్కర్లేదు అని చెప్పాను. ఈ ఒక్క ముక్కా పొద్దున్నే మైకులో చెప్పి ఉంటే సగం హడావిడి తగ్గేది.

ఒక కుర్రాడు వాలెట్ కీని కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టేశాడు. ‘ఉత్తుత్తి డబ్బే కదా సార్’ అన్నాడు. నిజమే. కానీ రేపు ఇదే వాలెట్‌లో అసలు డబ్బు పెడతావు, అలా బయటపడ్డ కీల కోసమే గిట్‌హబ్‌ని జల్లెడ పట్టే బాట్లు ఉన్నాయి, నువ్వు కాఫీ తాగి వచ్చేలోపు ఊడ్చేస్తాయి అంటే అప్పుడు కొత్త వాలెట్ చేసుకున్నాడు.

వీటిలో ఎవరి ఉత్సాహమూ పోలేదు. ఆ మెసేజ్ రాసినాయన మాట్లాడేది ఇలాంటి సాయం గురించి కాదు.

‘ప్రైవేట్ అని రాశాం కదా సార్’

ఒక టీము ఆసుపత్రి రికార్డులు చెయిన్ మీద పెడుతున్నారు. రోగి ఆధార్ నంబరు ఒక వేరియబుల్‌లో దాచి, దాని ముందు ప్రైవేట్ అని రాశారు. సాలిడిటీలో ప్రైవేట్ అంటే ఇంకో కాంట్రాక్టు దాన్ని నేరుగా చదవలేదని మాత్రమే అర్థం, మనుషులెవరైనా చెయిన్ స్టోరేజ్ తెరిచి చూసుకోవచ్చు. వాళ్ళ కాంట్రాక్టులోంచే ఆ నంబరు తీసి చూపించాను. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ‘అయితే హ్యాష్ చేసి పెడతాం సార్’ అన్నారు.

హ్యాష్ అంటే ఒక సంఖ్యని గుర్తుపట్టలేని అక్షరాల వరసగా మార్చే లెక్క. అలా చేస్తే వెనక్కి తిప్పలేమని పాఠాల్లో చెప్తారు, నిజమే, కానీ ఆధార్‌కి ఉన్నవి 12 అంకెలు. మొదటి అంకె 0 గానీ 1 గానీ అవదు. చివరిది ముందు అంకెల నుంచి లెక్కగట్టే తనిఖీ అంకె. మిగిలేవి ఎనిమిది వేల కోట్ల నంబర్లు. మనకి పెద్ద సంఖ్యే గానీ మంచి గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ కంప్యూటర్‌కి అన్నిటినీ హ్యాష్ చేసి పోల్చి చూడటం నిమిషాల పని. ఈ లెక్క కాగితం మీద వేశాక వాళ్ళే అన్నారు, ‘అయితే ఇది పెట్టకూడదు’ అని. నేను ‘వద్దు’ అనే మాట వాడనేలేదు. నాకు మంచి మెంటార్‌నన్న భ్రమ కలిగింది అక్కడే, ఆ భ్రమే రాత్రికి కొంప ముంచింది.

చీరల టీము

నలుగురు అమ్మాయిలు. బరంపురం పట్టు చీరకి క్యూఆర్ కోడ్, దాని వెనకాల ఒక ఎన్‌ఎఫ్‌టీ (చెయిన్ మీద అలాంటిది ఒక్కటే ఉండే డిజిటల్ గుర్తు), స్కాన్ చేస్తే ఈ చీర ఏ మగ్గం మీద ఎవరు నేశారో మార్చడానికి వీల్లేని రికార్డు కనిపిస్తుంది. నకిలీ చీరల బెడద తప్పుతుంది. ఏ ఊరి హ్యాకథాన్‌కి వెళ్ళినా ఈ ఆలోచన ఏదో రూపంలో తగులుతుంది, ఒకచోట మామిడిపండు, ఒకచోట కాఫీ గింజ, ఒకచోట మందుల సీసా. ఇక్కడ చీర. అందులోనూ మా చీర, ఫోడా కుంభ అంచున్న చీర. దానికి ఈ ప్రాంతపు సరుకేనని చెప్పే జీఐ గుర్తింపు ఉంది, పట్టు అసలైనదేనని చెప్పే సిల్క్ మార్క్ లేబులూ ఉంది, అయినా బజార్లో నకిలీలు ఉన్నాయి. కాబట్టి సమస్య నిజమైనదే.

సాయంత్రం ఏడింటికి వాళ్ళు నాకిది చెప్పినప్పుడే నాకు తెలుసు ఇది నిలవదని. చెయిన్ మీద ఉన్న రికార్డు మారదు, సరే. కానీ చెయిన్‌కి చీర తెలియదు, కోడ్ మాత్రమే తెలుసు. కోడ్‌కీ చీరకీ మధ్య ఉన్నది ఒక దారపు కుట్టు. ఈ మాట అప్పుడే అనేయాలి. అనలేదు. వాళ్ళ కళ్ళల్లో వెలుగు చూసి, నేత ఇంటి పిల్లాడినన్న మొహమాటం కూడా కాస్త ఉండి, ‘బాగుంది, కానివ్వండి, ఓపెన్‌జెప్పెలిన్ లైబ్రరీ వాడుకోండి, మొత్తం మీరే రాయక్కర్లేదు’ అని పెద్దమనిషిలా చెప్పి వెళ్ళిపోయాను.

రాత్రి ఒంటిగంటకి మళ్ళీ వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్తే కాంట్రాక్టు అయిపోయింది, స్క్రీన్లు అయిపోయాయి, నీట్‌గా ఉంది. అప్పుడు అడిగాను, ‘ఇంతకీ ఎవరైనా నేతగాళ్ళతో మాట్లాడారా?’ లేదన్నారు. మా పెదనాన్న రాత్రుళ్ళు నిద్రపట్టక టీవీ చూస్తూ కూర్చుంటాడు, ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆ అమ్మాయిల్లో ఒకరు ఓపిగ్గా అంతా వివరించింది. ఆయన అంతా విని, ‘మంచిదే గాని అమ్మా, ఆ చీటీ ఊడదీసి సూరత్ చీరకి కుట్టెస్తే ఏటవుద్ది?’ అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఊరుకోకుండా ఇంకోటి అందుకున్నాడు, ‘మా పేరు చీర మీద ఉండాలని మాకూ ఉంటాది. కాని కొనీవోడికి మా ఫోన్ నంబరు తెలిస్తే సాలు, మిగతాది మేం సూసుకుంటాం.’

నేను ఆ పిల్లల ముందు గెలిచినట్టు నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. వాళ్ళు రెండు గంటలు గొడవపడి, ఎన్‌ఎఫ్‌టీ మొత్తం పీకేసి, నేతగాడి ఫొటో, మగ్గం ఫొటో, ధర, ఫోన్ నంబరు ఉండే మామూలు వెబ్‌సైట్ ఒకటి తెల్లవారేలోపు కట్టారు. వాడేవాళ్ళకి అది నిజంగా మేలైనది. కానీ జడ్జీల దగ్గరున్న కాగితం మీద వందలో పాతిక మార్కులు బ్లాక్‌చెయిన్ వాడిన తీరుకి. అక్కడ వాళ్ళకి సున్నా పడింది. బహుమతి వచ్చిన టీముల్లో ఒకరిది మార్కుల జాబితాలు చెయిన్ మీద పెట్టడం. యూనివర్సిటీ ఒక్కటే ఇచ్చే కాగితానికి ఒక డిజిటల్ సంతకం చాలు, 2015 నుంచీ డిజిలాకర్ ఉండనే ఉంది. అయినా వాళ్ళ కోడ్ శుభ్రంగా ఉంది, నాకు వాళ్ళ మీద కంప్లయింట్ లేదు.

ఫలితాలయ్యాక చీరల టీములో ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి నా దగ్గరికొచ్చి, కోపం లేకుండానే అంది. ‘సాయంత్రమే చెప్పుంటే వేరేది చేసేవాళ్ళం కదా సార్.’

జడ్జి మిత్రుడి వాదన

ఆ జడ్జీల్లో ఒకాయన నాకు పాత పరిచయం. ఇంటికి వెళ్ళేముందు టీ కొట్టు దగ్గర నిలబడి గంటసేపు వాదించుకున్నాం. ఆయనది ఒకటే మాట. హ్యాకథాన్ అంటే తాలింఖానా, కర్రసాము నేర్పే చోటు. అక్కడ పిల్లాడు కర్ర తిప్పుతుంటే ‘నీకు శత్రువులెవరున్నారురా’ అని అడుగుతావా? తిప్పనీ. చేతికి అలవాటు కావాలి. అక్కర్లేని చోట బ్లాక్‌చెయిన్ పెట్టినా వాడికి కాంట్రాక్టు రాయడం వస్తుంది, గ్యాస్ (చెయిన్ మీద చేసే పనికి కట్టే రుసుము) ఎందుకు ఎక్కువవుతోందో తెలుస్తుంది, వచ్చే ఏడాది ఉద్యోగానికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నీ నిజాయితీ వల్ల ఆ నలుగురికి ఏం మిగిలింది?

దీనికి నా దగ్గర గట్టి జవాబు లేదు, ఇప్పటికీ. మా వైపు పిల్లలకి ఇలాంటి అవకాశాలు రోజూ రావు. బెంగళూరు కుర్రాడికి ఈ వారం పోతే వచ్చే వారం ఇంకో హ్యాకథాన్. జయపురం నుంచి రాత్రంతా బస్సులో వచ్చిన పిల్లకి ఆ సర్టిఫికెట్ విలువ వేరు. హైదరాబాద్‌లో జీతం తీసుకునే నేను వాళ్ళ ముందు సిద్ధాంతాలు మాట్లాడటం తేలికే.

కానీ తాలింఖానాలో కూడా గురువు కర్ర ఎటు తిప్పాలో మొదట్లోనే చెప్తాడు, పిల్లాడు చెమటోడ్చి అయిపోయాక ‘అసలిది తప్పు’ అనడు. నేను చేసింది ఆ రెండోది. అందుకే ఆయనతో వాదిస్తూనే నాకర్థమైంది, మేమిద్దరం వేరే వేరే తప్పుల గురించి మాట్లాడుకుంటున్నాం అని. ప్రశ్న అడగడం తప్పంటున్నాడు ఆయన. నా తప్పు మొదటి గంటలో అడగాల్సిన ప్రశ్నని పదహారో గంట దాకా దాచుకోవడం. పొద్దున అడిగితే అది సలహా, టీము ఇంకో ఆలోచన వెతుక్కుంటుంది, లేదా ‘మాకు నేర్చుకోవడానికే కావాలి సార్’ అని తెలిసే చేస్తుంది, అదీ మంచిదే. అర్ధరాత్రి అడిగితే అది తీర్పు. మంచితనం పేరుతో నోరు మూసుకుని కూర్చునే మెంటార్, ఆ మెసేజ్‌లో తిట్టించుకున్న మెంటార్ కంటే ఎక్కువ నష్టం చేస్తాడు, ఎందుకంటే వాడి వల్ల పోయింది ఉత్సాహం కాదు, టైము.

నా ప్రశ్నే తప్పయిన చోటు

ఇంకో సంగతి చెప్పకపోతే అన్యాయం. రాయగడ వైపు కుర్రాడు ఒకడు, ఇద్దరు స్నేహితులతో వచ్చాడు. వాళ్ళ ఊళ్ళోంచి ఏటా ఇటుక బట్టీలకి వెళ్తారు, దాదన్ పని అంటారు మా వైపు. మేస్త్రీ ముందు అడ్వాన్సు ఇస్తాడు, తన పుస్తకంలో రాసుకుంటాడు, ఆర్నెల్ల తర్వాత ఆ పుస్తకంలో ఎంతుంటే అంతే బాకీ. ఆ పుస్తకాన్ని చెయిన్ మీద పెడతానన్నాడు. చీరల టీము దగ్గర దెబ్బతిన్నాను కదా, ఈసారి ఆలస్యం చేయకూడదని తెల్లవారుజామున కనపడగానే అడిగేశాను, ‘దీనికి బ్లాక్‌చెయిన్ ఎందుకు బాబూ, మామూలు డేటాబేస్ చాలదా?’

‘ఎవరి డేటాబేస్ సార్?’ అన్నాడు.

అంతే. నా నోరు పడిపోయింది. మేస్త్రీ సర్వర్ అయితే మేస్త్రీ మారుస్తాడు. కూలీ దగ్గర సర్వర్ ఉండదు. ఇద్దరికీ సమ్మతమైన మూడో చోటు లేదు. ఎవరూ ఎవర్నీ నమ్మని, మధ్యలో పెద్దమనిషి లేని చోటు కోసమే కదా 2008లో బిట్‌కాయిన్ ఆలోచనని బయటపెడుతూ నకమొటో ఆ కాగితం రాసింది. ఇరవై ఏళ్ళ కుర్రాడికి అది నాకంటే బాగా తెలుసు, సిద్ధాంతం చదివి కాదు, వాళ్ళ మావయ్య బాకీ చూసి.

1979లో వలస కూలీల కోసం వచ్చిన కేంద్ర చట్టం కూడా ఇదే అంది, కాంట్రాక్టర్ ప్రతి కూలీకి ఫొటో అతికించిన పాస్‌బుక్ ఇవ్వాలి, అందులో కూలి రేట్లు, కోతలు రాయాలి అని. అంటే కూలీ చేతిలో రెండో కాపీ ఉండాలని. ఆ కుర్రాడు అడిగేది ఆ రెండో కాపీయే.

తర్వాత గంటన్నర అక్కడే కూర్చున్నాను. కూలీ కీ ఫోన్‌లో ఉంటుంది కదా, ఫోన్ పోతే? ‘పోవడం ఏంటి సార్, బట్టీలో దిగగానే ఫోన్లు మేస్త్రీయే తీసి పెట్టుకుంటాడు.’ మరి? అడ్వాన్సు ఇచ్చేది ఊళ్ళోనే కాబట్టి, ఊళ్ళో మిషన్ శక్తి (ఆడవాళ్ళ స్వయం సహాయక) సంఘం అక్క ఫోన్‌లో మూడో కీ పెట్టి, ముగ్గురిలో ఇద్దరు సంతకం పెడితేనే రికార్డు ఎక్కేలా మార్చుకున్నారు. అయిదు వేలకి బదులు పొరపాటున యాభై వేలు కొడితే? చెయిన్ మీద చెరపలేం. దుకాణం పద్దులో షావుకారు కూడా చెరపడు, కొట్టేసి కింద సరైన అంకె రాస్తాడు, అలాగే సవరణ ఎంట్రీ ఒకటి రాయండి అన్నాను.

‘చెయిన్ మీద ఎక్కిందంటే దేవుడొచ్చినా మార్చలేడంటారు కదా సార్’ అన్నాడొకడు. 2016 జూన్‌లో డావో అనే కాంట్రాక్టులోంచి ఒక దొంగ ముప్పై ఆరు లక్షల ఈథర్ లాగేస్తే, జులైలో ఈథీరియం వాళ్ళు చెయిన్‌నే చీల్చి ఆ డబ్బు వెనక్కి తెచ్చారు, ఒప్పుకోని వాళ్ళు పాత చెయిన్ మీదే ఈథీరియం క్లాసిక్ అని మిగిలారు అని చెప్పాను. అంత డబ్బున్నవాళ్ళకి అయితే చరిత్ర కూడా వెనక్కి తిరుగుతుంది. కూలీ బాకీ కోసం ఎవరూ చీల్చరు, కాబట్టి మొదటే జాగ్రత్తగా రాయండి అన్నాను.

వాళ్ళ డెమో స్టేజీ మీద ఆడలేదు. రెండో సంతకం దగ్గర ఆగిపోయింది. ఆడినా, సంతకం పెట్టమంటే మేస్త్రీ ‘అయితే నా దగ్గర అడ్వాన్సు తీసుకోకు’ అని లేచిపోతాడేమో, ఆ భయం ఆ కుర్రాడికీ ఉంది, నాకూ ఉంది. దానికి కోడ్‌లో జవాబు లేదు.

ఈ టీము గుర్తొచ్చినప్పుడల్లా ఆ మెసేజ్ పెట్టినాయనతో కాస్త ఏకీభవిస్తాను. ‘ఎందుకు’ అనే ప్రశ్న అడిగే తీరులోనే ‘ఎందుకూ కాదు’ అనే జవాబు దాచిపెట్టి అడుగుతాం మేము. నేనూ అలాగే అడిగాను. వాడు గట్టివాడు కాబట్టి తిరిగి అడిగాడు. మెత్తని పిల్లాడైతే తలూపి, మంచి ఆలోచన పక్కన పడేసి, ఇంకేదో చేసుకునేవాడు. ఇప్పుడు నేను వేరేలా అడుగుతున్నాను, ‘ఇందులో ఎవరు ఎవర్ని నమ్మట్లేదు?’ అని. దానికి చీరల అమ్మాయిలు కూడా పది నిమిషాల్లో జవాబు చెప్పి ఉండేవాళ్ళు, కొనేవాడు అమ్మేవాడిని నమ్మట్లేదు అని. అక్కడి నుంచి కుట్టు దాకా రావడానికి వాళ్ళకి మా పెదనాన్న అక్కర్లేదు.

వచ్చే ఏడాదికి కూడా రమ్మన్నారు నిర్వాహకులు. వస్తాను గానీ రాత్రి డ్యూటీ వద్దు, పొద్దున రిజిస్ట్రేషన్ బల్ల పక్కన నాకో కుర్చీ వేయండి, టీములు ఆలోచన రాసిచ్చే ముందు ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడతాను అన్నాను. ఆలోచనలు ముందే ఆన్‌లైన్‌లో తీసేసుకుంటున్నారట, మెంటార్లకి పని మధ్యాహ్నం భోజనాల తర్వాతేనట. అలాగైతే ఆ పాతిక మార్కుల కాగితమైనా మార్చండి, అక్కర్లేదని తేల్చి తీసేసిన టీముకి కూడా అందులో ఎన్నో కొన్ని వేయండి అని మెయిల్ పెట్టాను. చూసినట్టు తెలుస్తోంది, ఇంకా జవాబు రాలేదు.